ఖిడ్కీ మార్చే ముందు ఇంట్లో ఆడోళ్లని అడిగారా?

డిసెంబర్ వచ్చిందంటే మా అఖ్బారోళ్లకి ఒక హెడ్డింగ్ ముందే తయారుగా ఉంటుంది. "గజగజ వణుకుతున్న ఆదిలాబాద్". దాని కింద సిర్పూర్(యు), గిన్నెదరి, అర్లి(టి) అని నాలుగు పేర్లు, పక్కన డిగ్రీలు. కొన్నేళ్లు ఆ అంకె 5 కిందికి కూడా దిగుతుంది. ఇరవై ఏళ్లుగా నేనూ ఈ ఖబర్ రాస్తూనే ఉన్నాను. చలిమంట ఫోటో ఒకటి, మంకీ క్యాప్ పెట్టుకున్న ముసలాయన ఫోటో ఒకటి, ఇంకేం, పేజీ నిండిపోతుంది. కానీ ఆ డిగ్రీలన్నీ బయటివి. తెల్లవారుజామున మూడు గంటలకి ఇంటి లోపల, రజాయి కింద, ఒక ముసలమ్మకి ఎంత సర్దీ తగులుతుందో ఏ అఖ్బారూ రాయదు.

మేం రాయనిది కిటికీల దుకాణపోళ్లు రాస్తున్నారు. కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్ ఎక్కడ చూసినా బోర్డులే. పాత చెక్క కిటికీలు తీసేయండి, యూపీవీసీ పెట్టుకోండి, అల్యూమినియం స్లైడింగ్ పెట్టుకోండి, చలి రాదు, దుమ్ము రాదు, సప్పుడు రాదు. మా మొహల్లాలో ఈ రెండేళ్లలో ఎన్ని ఇళ్ల ముందు పాత చౌకట్లు గోడకి ఆనించి కబాడీవాలా కోసం ఎదురుచూశాయో లెక్క పెట్టలేదు గానీ, చాలానే చూశాను.

నా రాయ్ సాఫ్‌గా చెప్పేస్తాను. మన దగ్గర చలికి పాత కిటికీ ముజ్రిమ్ కాదు. చాలా ఇళ్లలో దాన్ని తీసేయాల్సిన జరూరత్ లేదు, మరమ్మత్ చేస్తే చాలు. తీసేయక తప్పని చోట కూడా, ఇప్పుడు అమ్ముతున్న రెండు పలకల స్లైడింగ్ మన వాతావరణానికీ, మన ఇళ్ల తరీఖాకీ కుదిరేది కాదు.

ముందు మన చలి ఏ రకం చలో చూద్దాం. చికాగోలో ఉన్న మా దోస్త్ ఒకడు ఫోన్‌లో చెప్తుంటాడు, "భాయ్, మా దగ్గర కిటికీకి రెండు అద్దాలు, మధ్యలో గ్యాస్, నవంబర్‌లో మూస్తే మార్చి దాకా తెరిచేదే లేదు" అని. వాడి మాట సహీ. అక్కడ పగలు కూడా సున్నాకి కిందనే ఉండే రోజులు వరసగా వస్తాయి. లోపల హీటర్ నడుస్తూ ఉంటుంది, ఆ వేడి పోకుండా కాపాడటమే కిటికీ పని. మన సంగతి వేరు. ఆదిలాబాద్‌లో డిసెంబర్ రాత్రి 8 డిగ్రీలు ఉంటే మధ్యాహ్నం 28 ఉంటుంది. ఇంట్లో హీటర్ లేదు. మన హీటర్ ఏదంటే జుహర్ నుంచి అసర్ దాకా దాలాన్లో పడే ధూప్. అంటే మన కిటికీకి రోజూ రెండు డ్యూటీలు. పగలు బార్లా తెరుచుకుని ఎండనీ పొడిగాలినీ లోపలికి రానియ్యాలి. మగ్రిబ్ అజాన్ వినపడకముందే గట్టిగా మూసుకోవాలి. ఎప్పుడూ మూసే ఉంచే కిటికీ మన చలికి పనికిరాదు. సరిగ్గా తెరుచుకుని, సరిగ్గా మూసుకునే కిటికీ కావాలి. పైగా చలి ఆరేడు వారాలు. ఆ తర్వాత మార్చి నుంచి జూన్ దాకా ఎండలు, 44, 45 డిగ్రీల వరకూ పోతాయి. జనవరి కోసం కొన్న కిటికీతోనే మే నెల కూడా గడవాలి కదా.

మన పాత కిటికీ ఈ హిసాబ్ అంతా తెలిసిన చేతులు చేసినది. ఉర్దూ బడిలో నాకు కిటికీకి దరీచా అనే లఫ్జ్ నేర్పారు, చిన్న దర్వాజ అని దానర్థం. డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు గవాక్షం అని నేర్పారు, ఆవు కన్ను అట. మన ఇళ్లలోని కిటికీ మాత్రం ఆ దరీచాకే దగ్గర. నాలుగు రెక్కలు. కింద రెండు, పైన రెండు, దేని చిట్కిని దానికే. కింది రెక్కలు మూస్తే గల్లీలో పోయేవాడికి లోపలున్న అమ్మీ కనపడదు, పై రెక్కలు తెరిస్తే హవా, రోష్నీ రెండూ వస్తాయి. ఎండాకాలం నాలుగూ మూస్తే గది చీకటై చల్లగా ఉంటుంది. వాటికి పైన, కప్పుకి దగ్గరగా, రోషన్‌దాన్. పొయ్యి పొగ, మనుషుల ఊపిరి, వేడి గాలి అన్నీ పైకి లేచి అందులోంచి పోవాలి. ముసల్మానుల ఇంట్లోనే కాదు, పక్కింటి పటేల్ ఇంట్లో, కోమటాయన ఇంట్లో కూడా ఇదే కిటికీ. పర్దా మాట ఎత్తకుండానే అందరి ఇళ్లలో పర్దాకి, గాలికి సుల్హ్ కుదిర్చిన కిటికీ అది.

మరి దుకాణపోడు చెప్పే "చలి రాదు" అనే మాట? కాసేపు లెక్క చూద్దాం, లెక్కలంటే భయపడకండి, నేనూ సైన్స్ విద్యార్థిని కాను. సాగ్వాన్, అంటే టేకు, వేడిని చాలా మెల్లగా పోనిస్తుంది. అద్దం దానికంటే అయిదు రెట్లు సులువుగా పోనిస్తుంది. అల్యూమినియం అయితే టేకు కంటే వెయ్యి రెట్లు మించి. అంగుళం మందం టేకు రెక్క మూసి ఉన్నప్పుడు గదిలోంచి పోయే వేడి, అయిదు మిల్లీమీటర్ల ఒంటి అద్దంలోంచి పోయేదాంట్లో దాదాపు సగం. ఇది గాలి సందులు లేకుండా మూసుకునే రెక్కకి వర్తిస్తుంది, ఆ సందుల సంగతి తర్వాత చెప్తాను. 2008లో స్కాట్లాండ్‌లో, హిస్టారిక్ స్కాట్లాండ్ అనే సర్కారీ సంస్థ కోసం గ్లాస్గో కాలెడోనియన్ యూనివర్సిటీ వాళ్లు పాత కిటికీల మీద పరీక్ష చేశారు. ఒంటి అద్దం కిటికీకి లోపలి చెక్క రెక్కలు మూస్తే వేడి నష్టం 51 శాతం తగ్గింది. మందం పర్దా వేస్తే 14 శాతం. లోపల ఇంకో అద్దం బిగిస్తే 63 శాతం. మనకంటే ఎన్నో రెట్లు చలి చూసిన ముల్క్ అది. వాళ్లు పాత కిటికీకి తోడు ఏం పెట్టాలా అని చూస్తుంటే, మనం చెక్క రెక్కలు కబాడీకి ఇచ్చి ఒంటి అద్దం కొనుక్కుంటున్నాం!

యూపీవీసీ ఫ్రేము సంగతి అల్యూమినియం కంటే నయమే. ప్లాస్టిక్ కదా, టేకు లాగానే వేడిని పట్టి ఉంచుతుంది. కానీ కిటికీలో ఫ్రేము నాలుగు అంచులే, మిగతా మైదానమంతా అద్దం. ఫ్రేము గొప్పగా చెప్పి అద్దం ఒకటేసి ఇస్తే, మంచి రజాయి కవర్లో దూది లేకుండా ఇచ్చినట్టు.

ఇంకో హిసాబ్. పన్నెండు బై పది గదికి ఛత్ నూట ఇరవై చదరపు అడుగులు. నాలుగు బై మూడు కిటికీలు రెండున్నా ఇరవై నాలుగు. చలి రాత్రుల్లో ఆకాశం సాఫ్‌గా ఉంటుంది, ఇంటి వేడి అంతా ఆ ఖాళీ ఆకాశంలోకి పైకప్పు నుంచే పోతుంది. రేకుల ఇల్లయితే చెప్పక్కర్లేదు. రేకుల కింద పడుకుని కిటికీ మార్చడం అంటే చిరిగిన షేర్వానీకి కొత్త గుండీలు కుట్టుకోవడం. మా దాదీమా కాలంలో ఛత్ కింద గుడ్డ చాందినీ కట్టేవాళ్లు. దుమ్ము రాలకుండా అనుకుంటాం గానీ, గుడ్డకీ కప్పుకీ మధ్య నిలిచిన గాలి చలిని కూడా ఆపేది. ఇప్పుడు దాని జాగాలో ఫాల్స్ సీలింగ్ ఉంది, థర్మాకోల్ పలకలున్నాయి. ఉన్న పైసలు ముందు పైకి పెట్టండి.

ఆదిలాబాద్‌లో మా ఫుఫూ ఇల్లుంది. మట్టిగోడలు, రెండడుగుల మందం, గూన పెంకలు. ఆమె కొడుకు, అంటే నా కజిన్, రెండేళ్ల కింద ముందు గది మూడు కిటికీలూ తీయించి అద్దాల స్లైడింగ్ పెట్టించాడు. అమ్మకి దమ్ముంది, చలిగాలి తగలొద్దని. నీయ్యత్ మంచిదే, దాంట్లో షక్ లేదు. ఆ చలికాలం నేను పోయినప్పుడు ఫుఫూ ఆ గదిలో లేదు. వెనక వంటింటి పక్కన, పాత కిటికీ ఉన్న చిన్న గదిలోకి పలంగ్ మార్చుకుంది. ఏమైంది ఫుఫూ అంటే, "ఆ గదిలో పొద్దున అద్దాల మీద నీళ్లు కారతయి బేటా, గోడకి చెమ్మ ఎక్కింది, నాకు దగ్గు ఎక్కువైంది" అంది. అద్దం చల్లగా ఉంటుంది, రాత్రంతా నలుగురు ఊపిరి తీసిన గాలి బయటికి పోదు, అందులోని తేమ అద్దం మీద నీళ్లవుతుంది. రోషన్‌దాన్ కూడా అదే మేస్త్రీతో సిమెంటు పెట్టి మూయించారు మరి. నేను కజిన్‌ని ఏమీ అనకముందే ఫుఫూ అనేసింది. "ఖోల్నా, బంద్ కర్నా మేరా కామ్. పసంద్ కర్నా తుమారా కామ్ కైసే హువా?"

తెరవడం మూయడం నా పని అయినప్పుడు, ఎంచుకోవడం మీ పని ఎలా అయింది? దీనికి కజిన్ దగ్గర జవాబు లేదు. నిజానికి చాలామంది మగోళ్ల దగ్గర లేదు. దుకాణానికి పోయేది మనం, క్యాటలాగ్ తిప్పేది మనం, బయటి నుంచి ఇల్లు ఎట్లా కనపడుతుందో చూసుకునేది మనం. ఆ కిటికీ వెనక రోజుకి పద్దెనిమిది గంటలు బతికేది వాళ్లు. బియ్యం ఏరేది అక్కడ, పిల్లల తలలు దువ్వేది అక్కడ, కూరగాయల బండివాడితో బేరం ఆడేది అక్కడి నుంచే. బజారుకి పోని ఆడమనిషికి గల్లీలో ఉన్న హిస్సా ఆ కిటికీ. రెండు పలకల స్లైడింగ్‌లో ఎంత తీసినా సగమే తెరుచుకుంటుంది, మిగతా సగానికి ఇంకో పలక అడ్డం ఉంటుంది. అంటే ఆమె హిస్సా సగానికి తగ్గింది. కిందిది మూసి పైది తెరిచే వెసులుబాటు అసలే లేదు. ఇక చేసేదేముంది, పర్దా వేసి ఉంచుతుంది. ఎండా లేదు, గాలీ లేదు.

"పర్దాకి ఫికర్ వద్దు, రిఫ్లెక్టివ్ గ్లాస్ ఇస్తాం, బయటోళ్లకి లోపల కనపడదు" అని దుకాణపోడు అంటాడు. సగం మాటే. ఆ అద్దం వెలుగు ఎక్కువున్న వైపు ఆయీనా లాగా పని చేస్తుంది. పగలు బయట వెలుగు, కాబట్టి బయటోడికి తన ముఖమే కనపడుతుంది. మగ్రిబ్ తర్వాత లోపల ట్యూబ్‌లైట్ వేశాక కథ ఉల్టా. గల్లీలో చీకట్లో నిలబడ్డవాడికి ఇల్లంతా సినిమా తెర మీద కనపడినట్టు కనపడుతుంది, లోపలున్నవాళ్లకి మాత్రం అద్దంలో తమ నీడే. నమ్మకపోతే ఈ రాత్రే ఇంట్లో లైటు వేసి, మీరు బయట నిలబడి చూడండి.

ఇంతవరకూ చెప్పింది తక్లీఫ్ సంగతి. ఇప్పుడు చెప్పేది జాన్ సంగతి. మన జిల్లాల్లో బొగ్గుకి కొదవ లేదు, సింగరేణి పక్కనే. కట్టె బొగ్గు కూడా దొరుకుతుంది. చలి ఎక్కువైతే అంగీఠీ, మా పక్కింట్లో కుంపటి అంటారు, లోపలికి తెచ్చుకుని తలుపులు మూసి పడుకునే అలవాటు ఇంకా ఉంది. బాలింత ఉన్న గదిలో మరీ. పాత కిటికీల సందుల్లోంచి, తెరిచి ఉన్న రోషన్‌దాన్‌లోంచి కొంత గాలి ఆడేది కాబట్టి ఎన్నో జానాలు దక్కాయి. అప్పుడూ అది ఖతర్నాకే, సందులున్నాయని భరోసా పెట్టుకునే పని కాదు. కానీ సందులన్నీ రబ్బరుతో మూసుకుపోయి, రోషన్‌దాన్ సిమెంటుతో పూడుకుపోయిన గదిలో అదే అంగీఠీ పెడితే పొద్దున్నే లేచేవాళ్లు ఉండకపోవచ్చు. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు. పొగ ఆగిపోయి నిప్పులు ఎర్రగా ఉన్నప్పుడు ఇక ఫికర్ లేదనుకుంటారు, ఆ ఎర్రటి నిప్పుల నుంచే అది వస్తుంది. తలనొప్పి, మత్తు, నిద్ర, అంతే. ప్రతి చలికాలం దేశంలో ఎక్కడో ఒకచోట నుంచి ఈ ఖబర్ వస్తూనే ఉంటుంది, డెస్క్‌లో కూర్చుని నాలుగు లైన్లకి కుదించేది మేమే. కిటికీ అమ్మినోడు ఈ మాట ఎవరికీ చెప్పినట్టు నేను వినలేదు. మీరు కిటికీలు మార్చినా మార్చకపోయినా, అంగీఠీ ఆంగన్‌లోనే ఉండాలి, పడుకునే గదిలోకి రాకూడదు.

కశ్మీరోళ్లని చూడండి. చలి అంటే వాళ్ల తర్వాతే ఎవరైనా. పాత కశ్మీరీ ఇళ్లలో పింజ్రాకారీ అని చెక్క జాలీ కిటికీలుంటాయి, ఎండాకాలం గాలి ఆడటానికి. చలికాలం వస్తే ఆ జాలీ మీద కాగితం అతికించేవాళ్లు, చలి పోయాక చింపేసేవాళ్లు. ఇప్పటికీ చాలామంది చలికాలం కిటికీలకి ప్లాస్టిక్ షీటు కొట్టుకుంటారు. కిటికీ మార్చరు, మౌసమ్‌ని బట్టి దానికి దుప్పటి కప్పుతారు. మనకి అదే నమూనా. కిరాయి ఇళ్లలో ఉండేవాళ్లకి మరీ. మాలిక్ కిటికీ మార్చడు, మార్చినా కిరాయి పెంచుతాడు. ఉత్తరం వైపు కిటికీ ఒకటి రెండిటికి లోపలి నుంచి మందం ప్లాస్టిక్ షీటు, నాలుగు పట్టీలతో, డిసెంబర్ నుంచి జనవరి ఆఖరు దాకా. దక్షిణం, పడమర కిటికీలకి వద్దు, అవి పగలు ఎండకి తెరవాలి. రోషన్‌దాన్‌ని ముట్టుకోవద్దు.

మరమ్మత్ ఎట్లా అంటారా? ముందు చలి ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవాలి. ఫజర్‌కి ముందు, ఫ్యాన్ ఆపి, ఒక ఊద్‌బత్తీ వెలిగించి కిటికీ అంచుల వెంబడి మెల్లగా తిప్పండి, పర్దాలకి దూరంగా. పొగ ఎక్కడ వంగిందో అక్కడ సందు ఉన్నట్టు. తర్వాత తలుపు కింద కూడా తిప్పండి. నేను మా ఇంట్లో, ఫుఫూ ఇంట్లో తిప్పి చూశాను. ఎక్కువ గాలి వచ్చింది రెక్కల మధ్య నుంచి కాదు, చౌకట్‌కీ గోడకీ మధ్య ప్లాస్టర్ పగిలిన చోట నుంచి, తర్వాత దర్వాజ కింద నుంచి. పగుళ్లు పూడ్చడం సుతారి మేస్త్రీకి ఒక పూట పని. రెక్కలు జారిపోయి ఒకదానికొకటి ఆనకపోతే వడ్లాయనని పిలవాలి. బందులు ఊడి ఉంటాయి, కొత్త మేకులు కాదు, కొత్త స్క్రూలు కావాలి. (ఉర్దూలో ఈ బందునే కబ్జా అంటారు. తెలుగులో కబ్జా అంటే ఏందో కరీంనగర్ చుట్టుపక్కల ప్లాట్లు కొన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.) వానకి ఉబ్బిన చోట కాస్త రందా పట్టాలి, సందుల్లో లప్పం పెట్టాలి, రెక్క ఆనుకునే అంచుకి ఫోమ్ టేపు అతికించాలి. మా ఇంట్లో మూడు కిటికీలకి అయిన ఖర్చు, దుకాణపోడు ఇచ్చిన కొటేషన్‌లో పదో వంతు కూడా కాలేదు. కష్టమేంటంటే మరమ్మత్ చేసే వడ్లాయన దొరకడం. కొత్త పని అయితే వస్తా అంటారు, పాత పని అంటే రేపు ఎల్లుండి అంటారు. ఆయన్ని అనడానికీ లేదు, పాత పనికి కూలీ దగ్గర మనం గీచి గీచి బేరం ఆడతాం.

చెక్కకి ఐబులు లేవని నేననను. చౌకట్ లోపల చెదలు తిని డొల్ల అయిపోయిన ఇళ్లున్నాయి, వేలుతో నొక్కితే దిగబడుతుంది. అది మార్చాల్సిందే. కరీంనగర్‌లో కోతుల గోల తెలిసిందే, తెరిచిన కిటికీలోంచి రొట్టెల డబ్బాతో సహా పోతాయి. గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల పక్కన దుమ్ము నిజమే, సప్పుడు నిజమే. దోమలు సరే సరి. వీటికి జాలీ, గ్రిల్ పెట్టుకోవచ్చు, పాత చౌకట్‌కే పడతాయి. అయినా మార్చక తప్పదంటే నాలుగు సంగతులు దుకాణంలో గట్టిగా అడగండి. స్లైడింగ్ వద్దు, రెక్కల్లా తెరుచుకునేది ఇమ్మనండి. అది పూర్తిగా తెరుచుకుంటుంది, మూసినప్పుడు రబ్బరు మీద నొక్కుకుని కూర్చుంటుంది. స్లైడింగ్ అంచుకి బ్రష్ లాంటి నూలు మాత్రమే ఉంటుంది, గాలి దానిలోంచే దూరుతుంది. చలికి అని పైసలు పెడుతుంటే రెండు అద్దాలది, మధ్యలో పది పన్నెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉన్నది అడగండి. ఒంటి అద్దానికి హీట్ ప్రూఫ్ అనే పేరు పెట్టి అమ్మితే నవ్వి బయటికి రండి. రెండద్దాల వాటికి కూడా ఉమ్ర్ ఉంటుంది, ఇరవై ఏళ్లు అటూ ఇటూ అంచు సీలు పోతుంది, లోపల మసక పట్టేస్తుంది, అప్పుడు మరమ్మత్ ఉండదు, అద్దం మొత్తం మార్చాలి. అడ్డంగా రెండు భాగాలు, కిందిది మూసి పైది తెరిచేలా చేయమంటే చేస్తారు, కాస్త ఎక్కువ తీసుకుంటారు. రోషన్‌దాన్ మూస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు.

దింపిన పాత కిటికీని కిలోల లెక్కన అమ్మొద్దు. మిడ్ మానేరు ముంపు ఊళ్ల గురించి రాయడానికి పోయినప్పుడు, నీలోజిపల్లి, చీర్లవంచ వైపు, జనం ట్రాక్టర్లలో అన్నిటికంటే ముందు ఎక్కించింది దర్వాజలూ కిటికీలే. ఇల్లు నీళ్లలోకి పోతుంటే గోడ వదిలి చౌకట్ తీసుకెళ్లారు. ఎందుకో వాళ్లకి తెలుసు. అంత ముదురు టేకు ఇప్పుడు కొందామన్నా దొరకడం కష్టం, జన్నారం అడవి 2012 నుంచి కవ్వాల్ టైగర్ రిజర్వ్. మన గల్లీలో కబాడీవాలా చవగ్గా పట్టుకుపోయిన చౌకట్లే హైదరాబాద్‌లో హోటల్ గోడల మీద అలంకారమై, ఆయీనాలకి ఫ్రేములై, పది రెట్ల ధరకి అమ్ముడుపోతాయి. అమ్మాలనుకుంటే కొలిచి, ఘనపుటడుగుల లెక్కన బేరం చేయండి. జాగా ఉంటే కొట్టంలో పెట్టి ఉంచండి.

ఫుఫూ గది సంగతి అడుగుతారేమో. కజిన్ రోషన్‌దాన్ సిమెంటు పగలగొట్టించాడు. తీసేసిన మూడు కిటికీల్లో రెండు పశువుల కొట్టంలో గడ్డి కింద దొరికాయి, మూడోది అప్పటికే కబాడీకి పోయింది. ఆ రెండింటినీ వడ్లాయన రందా పట్టి మళ్లీ బిగించాడు. మూడో చోట ఇంకా స్లైడింగే ఉంది. ఫుఫూ దాని ముందు బియ్యం డబ్బా పెట్టుకుంది.